వెనక వరసలకు ఉక్తలేఖనం

సలోమి టీచరు మా హైస్కూల్లో తెలుగు చెబుతారు. నేను లెక్కలు చెబుతాను. పన్నెండేళ్ళుగా స్టాఫ్ రూములో ఒకే బల్లకి అటొకరం, ఇటొకరం. మామిడికుదురు చుట్టుపక్కల ఆవిడ గురించి రెండు మాటలు వినబడతాయి. 'చాలా మంచావిడండీ' అనేది ఒకటి. 'ఆవిడతో మాత్రం పెట్టుకోకండి' అనేది రెండోది. మొదటి మాట అన్నవాళ్ళే కాస్త ఆగి రెండోది కూడా అంటారు.

స్పీకరు పెట్టెలు సొంతంగా తయారుచేసుకోవడం ఆవిడ సరదా. ఆడవాళ్ళకి ఇదేం సరదా అని చాలామంది అడిగారు. నాకు తెలిసినంతవరకు అది ఒక ఉక్తలేఖనంతో మొదలైంది. బడికి కొత్తగా ఒక స్పీకరు వస్తే, ఆవిడ పాఠం చదివి రికార్డు చేసి, అది మోగించి పిల్లల చేత రాయించారు. ఎనిమిదో తరగతిలో సగంమంది 'తడి' అన్నచోట 'పడి' అనీ, 'కల' అన్నచోట 'తల' అనీ రాశారు. పిల్లలకి శ్రద్ధ లేదని మేమంతా తేల్చేశాం. ఆవిడ మర్నాడు అదే పాఠం నోటితో చదివారు. తప్పులన్నీ పోయాయి.

"పిల్లలు సరిగ్గానే రాసేరు మేస్టారూ" అన్నారు నాతో. "పెట్టె ఏం చెప్పిందో అదే రాసేరు."

ఆ పెట్టెని సంచిలో పెట్టుకుని బస్సెక్కి అమలాపురం వెళ్ళారు. అక్కడ ముత్యాలరాజు గారని పెద్దాయన, రేడియోలు బాగుచేస్తారు. ఆయన మరలు విప్పి చూసి, లోపల కాగితం గరాటా అంచు చినిగిందని చెప్పి, సాయంత్రం రమ్మన్నారు. ఆవిడ వెళ్ళలేదు. స్టూలు లాక్కుని పక్కనే కూర్చున్నారు. ఆ తర్వాత మూడేళ్ళపాటు ప్రతి శనివారం మధ్యాహ్నం ఆ స్టూలు ఆవిడదే.

పెట్టెలు కొయ్యడం, అతికించడం ఆరునెలల్లో వచ్చేసింది. వినడం మాత్రం అంత తొందరగా రాలేదు. ముత్యాలరాజు గారు ఒక పాట పెట్టి ఎలా ఉందని అడిగేవారు. బాగుందండి అంటే ఊరుకునేవారు కాదు.

"బాగుంది, బాలేదు అన్నవి వినడం కాదండి టీచరు గారూ. ఏం బాలేదో దానికి పేరు పెట్టండి. పేరు లేని తప్పు దొరకదు."

తెలుగు టీచరు కదా, ఆవిడ పేర్లు పెట్టడం మొదలుపెట్టారు. మగగొంతు కుండలోంచి వచ్చినట్టుంటే అది కుండమోత. జలుబు చేసినట్టుంటే ముక్కుగొంతు. 'స'లూ 'శ'లూ చెవిలో గుచ్చుకుంటే సకారపు పోటు. మాట అయిపోయినా దాని చివర ఇంకా సాగుతుంటే తోక. ఇవన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకునేవారు. ఒక రోజు పాట మొత్తంలో సకారాలే వినేవారు, ఇంకేదీ పట్టించుకునేవారు కాదు. ఇంకోరోజు అడుగున బరువుగా మోగే శబ్దమొక్కటే. కొబ్బరికాయని వేలితో కొట్టి లోపల నీళ్ళున్నాయో లేదో చెప్పేవాళ్ళు మా దగ్గర చాలామంది ఉన్నారు. ఆవిడ పెట్టె పలకల్ని అలా కొట్టి ఎక్కడ బద్ద వెయ్యాలో చెప్పడం నేర్చుకున్నారు.

ఇంకో పాఠం ఆవిడకి కష్టంగా వచ్చింది. ఒకసారి తన పెట్టెలో ఒక విడిభాగం తీసేసి, అంతకంటే ఖరీదైనది పెట్టారు. గొంతు ఎంత తేటగా అయిందో చూడండి అన్నారు. ముత్యాలరాజు గారు పాతదీ కొత్తదీ గుడ్డకింద మార్చి మార్చి పది సార్లు వినిపించారు. రెండింటి చప్పుడూ సమానంగా పెట్టారు, ఎందుకంటే కాస్త గట్టిగా మోగేదే మంచిదని ఎవరి చెవికైనా అనిపిస్తుందట. పదింట్లో ఆవిడ సరిగ్గా చెప్పినవి నాలుగు. ఆ రోజు బస్సులో కూర్చుని నోటుపుస్తకంలో రాసుకున్నారు: 'విన్నది నా చెవి కాదు, నా ఆశ.' ఆ పేజీ నాకు చూపించినప్పుడు ఆవిడ నవ్వలేదు.

ఇంట్లో ఆవిడకి పరీక్షాధికారి అత్తగారు, పాపాయమ్మ గారు. డెబ్భయ్యెనిమిదేళ్ళ మనిషి. చిన్నప్పుడు పొలం పనికి వెళ్ళి, పెద్దయ్యాక కొడుకు మధుబాబుని చదివించి పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుని చేసుకున్నారు. సలోమి టీచరు అత్తగారి గొంతు రికార్డు చేసి, వరండాలో చీర అడ్డంగా కట్టి, దాని వెనక పెట్టెనీ పెద్దావిడనీ పక్కపక్కన కూర్చోబెట్టేవారు. ఒకసారి మనిషి మాట్లాడాలి, ఒకసారి పెట్టె మాట్లాడాలి. ఏది ఎవరో బయట కూర్చున్నవాళ్ళు చెప్పాలి. నన్నూ కూర్చోబెట్టారు. మొదట్లో అందరం సులువుగా కనిపెట్టేవాళ్ళం. రెండేళ్ళకి తప్పులు మొదలయ్యాయి. ఒకరోజు మధుబాబు గారు పెట్టెతో, "అమ్మా, కాఫీ తాగేవా?" అన్నారు. పాపాయమ్మ గారు చీర పక్కకి తీసి, "దానికెందుకురా, నాకియ్యి" అన్నారు.

గొడవ వాళ్ళ క్రైస్తవ సంఘం కొత్త ప్రార్థన మందిరం కట్టాక వచ్చింది. ఎత్తయిన పైకప్పు, నున్నటి గోడలు, నేలంతా పలకరాళ్ళు. విశాఖలో ఉంటున్న ఒక దాత తన తండ్రి జ్ఞాపకార్థం రెండు పెద్ద స్పీకరు పెట్టెలు ఇచ్చాడు. మనిషంత ఎత్తు, వాటి మీద ఇత్తడి అక్షరాలతో పేరు. పాట మోగితే గుండెల్లో అదిరేది. అందరూ సంతోషించారు. కానీ మూడేళ్ళు తిరిగేసరికి వెనక వరసల్లో కూర్చునే పెద్దవాళ్ళు ప్రసంగం అర్థం కావడంలేదని అనడం మొదలుపెట్టారు. పాపాయమ్మ గారు అందరికంటే గట్టిగా అన్నారు.

సంఘ కార్యదర్శి ప్రకాశరావు గారు మధుబాబుకి పెదనాన్న కొడుకు, సలోమి టీచరుకి బావగారు. తాలూకా ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. ఆయన ఓ ఆదివారం మందిరం మెట్ల మీదే తేల్చేశారు.

"పిన్నికి చెవుడొచ్చిందమ్మా సలోమీ. మిషను పెట్టించండి. ఆ వెనక కూర్చున్న వాళ్ళందరికీ అంతే. వయసు మరి."

పాపాయమ్మ గారు అక్కడే ఉన్నారు. చెవుడన్న ఆ మాట ఆవిడకి చక్కగా వినిపించింది.

సలోమి టీచరు అత్తగారిని అమలాపురం చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేసి, ఈ వయసుకి ఇంత బాగా వినపడటం అదృష్టమన్నారు. తిరుగు ప్రయాణంలో పెద్దావిడ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. నగరం అనే ఊరు దాటాక అన్నారు:

"మూడేళ్ళనించి నాకే ఏదో అయిందనుకుంటన్నానమ్మాయ్. ఆ భయం ఎవరికీ చెప్పలేదు. దేవుడు నాకు మాట వినపడకుండా చేసేడేమోననుకున్నాను."

ఆ మాట నాకు చెబుతున్నప్పుడు సలోమి టీచరు చేతిలో ఎర్ర పెన్ను ఉంది. దాని మూత తీస్తూ పెడుతూ ఉన్నారు. అప్పటిదాకా మందిరంలో ఆవిడ ముందు, పాటల బృందంతో కూర్చునేవారు. మరుసటి ఆదివారం నుంచి వెళ్ళి చివరి వరసలో అత్తగారి పక్కన కూర్చున్నారు, నోటుపుస్తకంతో సహా. మొదటి వారం తోకలే విన్నారు. 'దేవుని' అన్న మాట గోడలకి కొట్టుకుని ఇంకా తిరుగుతుండగానే 'కృప' దాని మీద వచ్చి పడుతోంది. రెండో వారం హల్లులు. ప, త, క మూడూ ఒకటైపోతున్నాయి. మూడో వారం కుండమోత. నాలుగో వారం ఏమీ రాయకుండా, పక్కన ఉన్న ముసలివాళ్ళ ముఖాలు చూశారు. వాళ్ళు వినడం మానేసి చాలా కాలమైంది. తెలిసిన చోట ఆమెన్ అంటున్నారు.

పెద్దల కమిటీ ముందుకి వెళ్ళి చెప్పారు. ప్రకాశరావు గారు ఓపికగానే విన్నారు.

"నువ్వు తెలుగు టీచరువమ్మా. సౌండు సంగతి సౌండువాళ్ళు చూసుకుంటారు. జిల్లాలో ఇంత పెద్ద పెట్టెలు ఏ మందిరానికీ లేవు తెలుసా?"

"పెద్దవే బావగారూ. కాదనలేదు. మాట తెలవట్లేదంటన్నాను."

"మాకు తెలుస్తంది కదా."

"మీరు ముందు వరసలో కూర్చుంటారండి."

అక్కడితో ఆ మీటింగు అయిపోయింది. ఆవిడ ఊరుకోలేదు. తిన్నగా పాస్టరు గారి దగ్గరికి వెళ్ళారు. ఇశ్రాయేలు అయ్యగారు యాభై దాటిన మనిషి, ఎవరినీ నొప్పించరు. ఒక్క పావుగంట ఉక్తలేఖనం పెట్టుకోనివ్వండి అంటే, అందులో తప్పేముందన్నారు.

అలా ఓ ఆదివారం ఆరాధన అయ్యాక నేను ఆ మందిరానికి వెళ్ళాను. పేపర్లు దిద్దడానికి బయటి మనిషి కావాలన్నారు ఆవిడ. వెనక ఐదు వరసల్లో ముసలివాళ్ళు, కాలేజీ చదివే పడుచువాళ్ళు, కమిటీ పెద్దలు కలిసి కూర్చున్నారు. రాయడం రానివాళ్ళ పక్కన రాసేవాళ్ళని పెట్టారు. అయ్యగారు మైకులో నలభై మాటలు చదివారు. పాలు, కాలు, తాలు, చాలు, పడవ, గొడవ, అన్నీ అలాంటివే. నేను కూడా రాశాను. తర్వాత మైకు ఆపేసి, అయ్యగారు నడవలో సగం దూరం నడిచొచ్చి, అవే మాటలు వరస మార్చి నోటితో చదివారు.

లెక్క నేనే వేశాను. మైకులో విన్నప్పుడు ముసలివాళ్ళకి సగటున నలభైకి పదిహేడు. పడుచువాళ్ళకి ఇరవై ఒకటి. ప్రకాశరావు గారికి పంతొమ్మిది. నాకు ఇరవై. నోటితో చదివినప్పుడు ముసలివాళ్ళకి ముప్పయ్యారు.

సలోమి టీచరు ఆ అంకెలు చదివి, "చెవుడైతే మనందరికీ చెవుడేనండి. మిషన్లు అందరం పెట్టించుకుందాం" అన్నారు.

వెనక వరసల్లో నవ్వులు లేచాయి. ప్రకాశరావు గారు తన పేపరు మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఇది దేవుని మందిరం. బడి కాదు. దాత గారు ప్రేమతో ఇచ్చినదానికి మనం వంక పెట్టకూడదు. ఆ పెట్టెలు అలాగే ఉంటాయి."

"ఉండనివ్వండి బావగారూ" అన్నారావిడ. ఆ గొంతు నాకు తెలుసు. స్టాఫ్ రూములో ఆ గొంతు విన్నప్పుడు హెడ్మాస్టరు గారు కూడా ఫైలు మూసేస్తారు.

వేసవి సెలవులు రాగానే వరండా నిండా ప్లైవుడ్డు చేరింది. ఆవిడ చేసినవి సన్నగా, పొడుగ్గా, ద్వారబంధం కమ్ముల్లాంటి పెట్టెలు. ఒక్కోదాంట్లో నిలువుగా ఎనిమిది చిన్న స్పీకర్లు. అలా వరసగా నిలబెడితే శబ్దం పైకప్పుకీ నేలకీ పోకుండా ఎదుటి మనుషుల మీదికే వెళుతుందని ముత్యాలరాజు గారు చెప్పారట. మొదటి జత బాగా రాలేదు. అత్తగారి గొంతు బాగానే ఉంది కానీ, మధుబాబు గారి గొంతుకి కుండమోత పట్టుకుంది. ఆయన పరవాలేదు, సరిపోతుందిలే అన్నారు. ఆవిడ రెండు పెట్టెలూ విప్పేశారు. లోపల అడ్డబద్దలు వేశారు. దూది కూరి చూశారు, తీసేశారు. చివరికి కొబ్బరి పీచు చాపలు కోసి కూరారు. మూడురకాలుగా కూరి, మూడుసార్లూ చీర అడ్డం కట్టి, ఏది ఏదో తెలియకుండా మాకు వినిపించి, ఎలా ఉందో చెప్పించుకున్నారు. తన చెవిని ఒక్కదాన్నే నమ్మడం ఆవిడ ఎప్పుడో మానేశారు.

జూన్ మొదటి గురువారం ఆ పెట్టెలు రెండూ ఆటోలో మందిరానికి చేరాయి. గురువారం మధ్యాహ్నం అక్కడ స్త్రీల సమాజం కూడుతుంది. వైర్లు కలుపుతుండగా ప్రకాశరావు గారు వచ్చారు.

"ఎవర్నడిగి పెట్టేవమ్మా ఇవి?"

"గురువారం హాలు మాదండి. చాపలు మావి తెచ్చుకుంటాం, హార్మనీ పెట్టె మాది తెచ్చుకుంటాం. ఎప్పుడూ ఎవర్నీ అడగలేదు. ఇవీ అంతేనండి."

ఆయన తలుపు దగ్గరే నిలబడిపోయారు. అయ్యగారు వచ్చి బైబిలు తెరిచి, అలవాటుగా గొంతెత్తారు. సలోమి టీచరు చేత్తో సైగ చేశారు, అంత అక్కర్లేదని. ఆయన మామూలుగా, ఇంట్లో మాట్లాడినట్టు చదవడం మొదలుపెట్టారు. రెండు వాక్యాలు అయ్యాయి. చివరి వరసలోంచి వీరాయమ్మ గారని ఒక ముసలావిడ పక్కావిడతో అంది:

"అయ్యగారికి జలుబు చేసినట్టుందే. పాపం."

అయ్యగారు చదవడం ఆపారు. ఆయనకి నిజంగానే జలుబు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. మూడేళ్ళుగా అరిచి అరిచి ఆదివారం రాత్రికల్లా గొంతు పోతోందని, ఇది తన వయసు వల్లే అనుకున్నానని ఆ రోజు అందరిముందూ చెప్పారు.

తర్వాతి నెలలో ఆయనే కమిటీని అడిగి, ఆదివారం కూడా మాటలు ఆ సన్న పెట్టెల్లోంచే వచ్చేలా చేయించుకున్నారు. పాటలకి పెద్దవి, మాటలకి చిన్నవి. ప్రకాశరావు గారు 'అయ్యగారి మాట కాదనలేక' అన్న మాట మినిట్స్ పుస్తకంలో రాయించారు. మూడు ఆదివారాలు వరసగా సన్న పెట్టెల వైర్లు ఊడిపోయి కనిపించాయి. ఎవరు ఊడదీశారో సలోమి టీచరు అడగలేదు. స్క్రూడ్రైవరు చేతిసంచిలోనే పెట్టుకుని వచ్చేవారు. నాలుగో ఆదివారం స్త్రీల సమాజం వాళ్ళు ఇద్దరు గంట ముందే వచ్చి చెరో పెట్టె పక్కన కూర్చున్నారు. ఆ తర్వాత వైర్లు ఊడలేదు.

ఇంతటితో అయిపోయిందనే నేననుకున్నాను. కానీ డిసెంబరులో సంఘం వార్షిక సభ జరిగింది. ప్రకాశరావు గారు ఎప్పటిలాగే తీర్మానాలు గబగబా చదువుకుంటూ పోయారు. మందిరం వెనకున్న పెంకుల గది తీసేసి కార్లు నిలుపుకునే స్థలం చెయ్యడమని చదివి, "అందరికీ సమ్మతమేనా, సమ్మతమే, తర్వాతది" అన్నారు.

"ఆగు ప్రకాశం" అన్నారు పాపాయమ్మ గారు. చివరి వరసలో లేచి నిలబడి ఉన్నారు. "నాకు సమ్మతం కాదు."

"కూర్చో పిన్నీ, తర్వాత మాట్లాడదాం."

"ఆ గది మేం కట్టుకున్నాం. కూలికెళ్ళొచ్చి, పొద్దుగూకేదాకా ఇటికలు మోసేం. వీరాయమ్మ కడుపుతో ఉండి మోసింది. ఎందుకు తీసేస్తావు?"

"ఏ ఏడూ ఎవరూ ఏ తీర్మానానికీ అడ్డు చెప్పలేదు పిన్నీ."

"ఏ ఏడూ మాకు వినపడలేదు నాయనా. పోయినేడు ఏం చదివేవో, అది కూడా మళ్ళీ చదువు. అటుముందేడుది కూడా."

హాలంతా ఆయన వైపు చూస్తోంది. ఆయన అయ్యగారి వైపు చూశారు. అయ్యగారు చదవండి అన్నట్టు తల ఊపారు. ప్రకాశరావు గారు పాత పేజీలు తిప్పి చదివారు. రెండేళ్ళ కిందటి తీర్మానం ఒకటి వచ్చింది: ముందు నాలుగు వరసలు దాతల కుటుంబాలకి కేటాయించడమైనది, సభ ఏకగ్రీవంగా ఆమోదించినది.

వీరాయమ్మ గారు పక్కావిడతో, "అయితే మనల్ని వెనక్కి పొమ్మని మనమే అన్నామా?" అంది. ఆ మాట మైకు లేకుండానే అందరికీ వినిపించింది.

పెంకుల గది మీద చేతులెత్తించారు. గది ఉండాలన్నవాళ్ళే ఎక్కువ. వరసల సంగతి కమిటీ మళ్ళీ ఆలోచిస్తుందన్నారు. పెద్దావిడలు కమిటీ కోసం ఆగలేదు. మరుసటి ఆదివారం పెందరాళే వచ్చి ముందు వరసల్లో కూర్చున్నారు. దాతల కుటుంబాల వాళ్ళు వచ్చి చూసి, ఏమనాలో తెలియక వెనక్కి వెళ్ళారు. ప్రకాశరావు గారికి కూడా వెనకే చోటు దొరికింది. చివరి వరసలో సలోమి టీచరు నోటుపుస్తకంతో కూర్చుని ఉన్నారు.

"వినపడతందా బావగారూ?" అని అడిగారు.

"ఆ, వినపడతంది" అన్నారాయన, ముఖం అటు తిప్పుకుని.

ఆ తర్వాత ఆయన వాళ్ళింటికి రావడం మానేశారు. పాటల బృందంలో ఆవిడ పేరు కొట్టేశారు. మాఘమాసంలో ఆయన కూతురి పెళ్ళైతే, శుభలేఖ మధుబాబు గారి ఒక్కరి పేరునే వచ్చింది. నేనైతే వెళ్ళేవాణ్ణి కాదన్నాను స్టాఫ్ రూములో.

"అదేంటి మేస్టారూ, పిల్ల ఏం చేసింది?" అన్నారు సలోమి టీచరు.

పట్టుచీర కట్టుకుని అత్తగారిని తీసుకుని వెళ్ళారు. పెళ్ళిపిల్ల తల మీద చెయ్యి వేసి దీవించి, భోజనాలు పూర్తయ్యేదాకా ఉండి, సాయంత్రం ఎండ తగ్గాక ఇద్దరూ నడిచి ఇంటికొచ్చారు.